చేపల ఎంగిలి... నాచుకి విందు!

రామేశ్వరం వెళ్ళివచ్చిన వాళ్ళని "ఏం చూశారు?" అని అడిగి చూడండి. గడగడా చెప్పేస్తారు. గుడి ప్రాకారాలు, ఇరవైరెండు తీర్థాల స్నానం, అగ్నితీర్థం దగ్గర సముద్రం, ధనుష్కోటి ఇసక... ఇక ఆ వంతెన సంగతైతే సరేసరి! రైలు వంతెన మీదికి వచ్చిందంటే చాలు, బోగీలో నిద్రపోతున్న వాళ్ళు కూడా లేచి కిటికీల దగ్గరికి చేరిపోతారు. కానీ ఆ వంతెనకి ముందొచ్చే మండపం అనే చిన్న ఊళ్ళో దిగినవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? నూటికి ఒక్కరు కూడా ఉండరేమో!

"అక్కడేముంది చూడ్డానికి?" అంటారా? మన వంటింటి డబ్బాలో ఉండే చైనా గ్రాస్‌కి పుట్టిళ్ళలో ఒకటి అక్కడుంది. ఐస్‌క్రీమ్ నున్నగా, చిక్కగా రావడానికి వాడే సరుకు పండే 'పొలం' అక్కడుంది. ఆ పొలానికి పట్టాలేదు, గట్టు లేదు, దుక్కి లేదు. అంతా నీళ్ళే. ఆ నీళ్ళలో ఒక పక్క చేపల్ని పెంచుతూ, ఆ చేపలు పాడుచేసిన నీటితోనే మరో పక్క సముద్రపు నాచుని పెంచే చక్కని ఏర్పాటు ఒకటి అక్కడ చేసి చూశారు. ఈ వారం మిమ్మల్ని అక్కడికే తీసుకెళ్తున్నాం.

రెండు సముద్రాల నడుమ

తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో, రామేశ్వరానికి ఇంకా ఓ ఇరవై కిలోమీటర్లుందనగా వస్తుంది మండపం. ఇక్కడ నేల సన్నగా సాగి, ముక్కులా సముద్రంలోకి పొడుచుకెళ్ళింది. ఉత్తరం వైపున్నది పాక్ అఖాతం. దక్షిణం వైపున్నది మన్నార్ సింధుశాఖ. ఉత్తరం వైపు నీళ్ళు లోతు తక్కువ, మామూలు రోజుల్లో చెరువులా నిలకడగా ఉంటాయి. దక్షిణం వైపు పగడపు దిబ్బలు, చిన్న చిన్న దీవులు. అటుపక్క తూత్తుకుడి దాకా ఉన్న 21 దీవుల్నీ కలిపి 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు.

బ్రిటిషు వాళ్ళ కాలంలో సిలోన్ తోటల్లో పనికి వెళ్ళే కూలీలని ఇక్కడి మండపం క్యాంపులోనే ఆపి, పరీక్షలు చేసి పంపేవారట. మన దేశంలో సముద్రపు చేపల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ కూడా 1947లో ఈ ఊళ్ళోనే పుట్టింది. తర్వాత 1971లో ప్రధాన కార్యాలయం కొచ్చికి వెళ్ళిపోయినా, మండపంలో శాఖ అలాగే ఉండిపోయింది. మన కథకి ఆ శాఖే ముఖ్యం.

చీర మీద చొక్కా, వేళ్ళకి పీలికలు

నాచుని ఇక్కడివాళ్ళు 'కడల్ పాసి' అంటారు. కడల్ అంటే సముద్రం. పాసి అంటే మన పాచే! నూతిగట్టు మీద జారిపడేసే పాచిని చూసి విసుక్కునే మనకి, అదే మాటతో పిలిచే మొక్క ఇక్కడ ఇన్ని సంసారాల్ని నడుపుతోందంటే వింతగానే ఉంటుంది.

ఈ తీరంలో పాచి ఏరడం తరతరాలుగా ఆడవాళ్ళ పని. అమావాస్యకీ, పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి. అప్పుడు వెళ్ళాలి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, రాళ్ళు కోసుకోకుండా వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టుకుని, కళ్ళకి అద్దాలు బిగించుకుని, నడుముకి వలసంచీ కట్టుకుని నీళ్ళలోకి మునుగుతారు. ఊపిరి బిగబట్టి రాళ్ళకి అంటుకున్న నాచుని తుంచుకుని పైకి తేలతారు. మళ్ళీ మునుగుతారు. అలా గంటల తరబడి! వీళ్ళు తెచ్చే నాచుల్లో ఒక రకం నుంచే మన చైనా గ్రాస్... అంటే అగర్... తయారవుతుంది. (పేరులో చైనా ఉన్నా, గ్రాస్ ఉన్నా, అది గడ్డి కాదు. సముద్రపు నాచులోని జిగురు!)

దీవుల చుట్టూ జాతీయ పార్కు రావడంతో వీళ్ళకి కష్టాలు మొదలయ్యాయి. అమ్మమ్మల నాటి నుంచీ వెళ్ళే దీవుల దగ్గరికి వెళ్ళకూడదన్నారు. పొట్టకూటి కోసం వెళ్తే పడవలు పట్టుకునేవారు. చివరికి ఆడవాళ్ళే ఊరూరా కలిసి కూర్చుని, నెలలో కొన్ని రోజులే ఏరాలని, ఏడాదిలో కొన్నాళ్ళు మానుకోవాలని తమకి తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఈ ఆడవాళ్ళకి నాయకత్వం వహించిన చిన్నపాలెం గ్రామస్థురాలు లక్ష్మీ మూర్తికి 2015లో అమెరికాకి చెందిన సీకాలజీ అనే సంస్థ బహుమతి ఇచ్చింది. సముద్రంలో మునిగి నాచు ఏరే ఆవిడ అమెరికా వెళ్ళి బహుమతి అందుకుందంటే మనకీ గర్వంగా ఉండదూ!

అయినా ఒక చిక్కు మాత్రం అలాగే మిగిలింది. ఏరుకుంటూ పోతే ఎంత సముద్రమైనా తరుగుతుంది కదా! మరి ఏరడం కాకుండా పండించుకుంటే?

పూలు కట్టినట్టు నాచు కడతారు

పండించే నాచు వేరు. దాని పేరు కప్పాఫైకస్. నోరు తిరగడం కష్టం కదూ? అందుకే ఇక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా 'పెప్సీ పాసి' అనేవారు. 2000 తర్వాత పెప్సీ కంపెనీ వీళ్ళ చేత ఈ సాగు చేయించడంతో ఆ పేరు పడింది. అసలు ఊరు ఫిలిప్పీన్స్. 1980లలో మన ప్రభుత్వ పరిశోధకులు గుజరాత్ తీరానికి తెచ్చి పెంచి చూశారు. 1995 నుంచి మండపంలో సాగు మొదలైంది. దీన్నుంచి తీసే జిగురు పేరు క్యారజీనన్. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనం కోసం వాడతారు.

సాగు ఎలాగంటే... వెదురుబొంగులతో పన్నెండడుగుల చదరం తెప్ప కడతారు. దానికి అడ్డంగా ఇరవై తాళ్ళు. ఒక్కో తాడుకి ఇరవై చోట్ల నాచు ముక్కలు. ఒక్కో ముక్క 150 గ్రాములు. లెక్కేస్తే తెప్పకి 60 కిలోల విత్తనం అన్నమాట. ఒడ్డున తాటాకు పందిరి కింద కూర్చుని ఆడవాళ్ళు ఈ ముక్కల్ని తాడుకి ముడివేస్తూంటే చూసి తీరాలి! మనం మల్లెపూలు మాల కట్టినట్టే... వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతూంటాయి, కబుర్లు కబుర్లే. మా భాష వాళ్ళకీ, వాళ్ళ భాష మాకూ సరిగ్గా రాకపోయినా, ముడి వేసే పద్ధతి మాత్రం ఒక్క చూపులో అర్థమైపోయింది.

తర్వాత తెప్పని నీళ్ళలోకి తోసి లంగరు వేస్తారు. 45 రోజులకి కోత. అందుకే ఒక్కొక్కరికి 45 తెప్పలుండేలా ఏర్పాటు చేసుకుంటారు. రోజుకొక తెప్ప కోసి, మళ్ళీ కొత్త ముక్కలు కట్టి వదిలేస్తే, నెలంతా పని, నెలంతా రాబడి. ఎంత తెలివైన లెక్కో చూడండి! కోసిన నాచుని ఎండబెడితే పది కిలోలకి ఒక కిలో మిగులుతుంది.

అంతా బాగుందనుకుంటూండగా 2013లో దెబ్బ తగిలింది. సముద్రం నీళ్ళు మామూలుకన్నా వేడెక్కి నాచు కొమ్మలు తెల్లబడి, మెత్తబడి రాలిపోయాయి. తెప్పలకి తెప్పలే ఖాళీ అయ్యాయి. తర్వాత మళ్ళీ వేసినా మునుపటి దిగుబడి రాలేదు. ఎంతోమంది ఆడవాళ్ళు పాత పనులకే వెళ్ళిపోయారు. నాచుకి కాస్త బలమైన తిండి దొరికితే ఏమైనా కోలుకుంటుందా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

పంజరం పక్కన తెప్ప

అదే సమయంలో మండపం పరిశోధకులు చేపల మీద ఇంకో పని చేస్తున్నారు. కోబియా అనే చేప ఉంది. తమిళులు 'కడల్ విరాల్' అంటారు, అంటే సముద్రపు కొర్రమీను అన్నమాట. ముళ్ళు తక్కువ, రుచి ఎక్కువ. ఏడెనిమిది నెలల్లోనే రెండు మూడు కిలోలు తూగుతుంది. ఈ చేప చేత మన దేశంలో మొదటిసారి 2010లో మండపంలోనే గుడ్లు పెట్టించారు. ఆ పిల్లల్ని సముద్రంలోనే, వలతో చేసిన గుండ్రటి పంజరాల్లో పెంచడం మొదలుపెట్టారు.

పంజరంలో చేపలకి మేత వేస్తారు. అవి తిన్నంత తిని, మిగిల్చినంత మిగులుస్తాయి. తిన్నదాంట్లో కూడా ఒంటికి పట్టేది కొంతే. మేతలో ఉండే నత్రజనిలో సగానికి పైగా నీళ్ళలోకే వచ్చేస్తుంది. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. నీళ్ళు కదలని చోట ఇది పేరుకుపోతే చేపకే విషం. ఇటు చూస్తే నాచుకి కావలసింది సరిగ్గా అదే! మనం వరిచేలో యూరియా ఎందుకు చల్లుతామో, నాచుకి ఆ అమ్మోనియా అందుకు పనికొస్తుంది.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. మన పెరళ్ళలో గిన్నెలు తోమిన నీళ్ళు ఎటు పోయేవి? అరటిచెట్టు మొదట్లోకి! ఎవరూ పనిగట్టుకుని ఎరువు వెయ్యకపోయినా ఆ చెట్టు గెల మీద గెల వేసేది. ఇంట్లో మురికి అనుకున్నది చెట్టుకి తిండి అయింది, పెరట్లో నీళ్ళు నిలవకుండా పోయాయి. చేపల పంజరం పక్కన నాచు తెప్ప కూడా అచ్చం అంతే.

మండపం దగ్గరే పాక్ అఖాతం ఒడ్డున మునైకాడు అనే పల్లె ఉంది. అక్కడి మత్స్యకారులతో కలిసి ఈ పద్ధతిని చేసి చూపించారు. ఆరు మీటర్ల వెడల్పున్న పంజరంలో 750 కోబియాలు. దానికి కాస్త ఎడంగా, అర్ధచంద్రాకారంలో 16 తెప్పలు. నలభై అయిదేసి రోజుల చొప్పున నాలుగు కోతలు కోశారు. విడిగా, చేపల పంజరం లేని చోట వేసిన తెప్పకి సగటున 144 కిలోల నాచు వచ్చింది. పంజరం పక్కనున్న తెప్పకి ఎంతో తెలుసా? 320 కిలోలు! విత్తనం అదే, తాడు అదే, కట్టిన చెయ్యి అదే. ఎరువు ఒక్క రూపాయిది కొనలేదు. పదహారు తెప్పల మీద నాలుగు కోతలకి కలిపి చూస్తే, విడిగా వేస్తే 9,216 కిలోలు రావలసిన చోట 20,480 కిలోలు. అంటే పదకొండు టన్నుల పైచిలుకు అదనం. ఎండబెడితే టన్నుకి పైగా ఎండు నాచు. పూటకి కూలి లెక్క చూసుకునే ఇళ్ళలో ఇది తక్కువ మాటా?

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. చేపల పంజరం సాధారణంగా మగవాళ్ళ పని, పెట్టుబడి ఎక్కువ. నాచు కట్టడం ఆడవాళ్ళ పని, పెట్టుబడి తక్కువ. ఈ రెండూ పక్కపక్కన ఉంటే చేపలు పట్టేదాకా నెలల తరబడి డబ్బుకోసం ఎదురుచూడనక్కర్లేదు. నెలన్నరకోసారి నాచు డబ్బు ఇంట్లోకి వస్తుంది. ఆ డబ్బు వచ్చేది ఇల్లాలి చేతికి. పిల్లల ఫీజు కట్టేటప్పుడు ఆ తేడా ఏమిటో మనకి వేరే చెప్పాలా!

తొట్లలో పెంచితే?

"సముద్రం లేనివాళ్ళ మాటేమిటి?" అని అడగొచ్చు. ఒడ్డున కట్టిన తొట్లలో కూడా ఈ పని చెయ్యొచ్చు. ఎర్ర సముద్రం కొసన ఇజ్రాయెల్‌లో ఐలాత్ అనే ఊరుంది. అక్కడ అమీర్ నియోరీ, ముకీ ష్పిగెల్ అనే పరిశోధకులు తమ జట్టుతో ఏళ్ళ తరబడి ఇదే పని చేశారు. చేపల తొట్టిలో నీళ్ళు నాచు తొట్టిలోకి వెళ్తాయి. అక్కడ ఆకుపచ్చటి ఉల్వా అనే నాచు ఆ నీళ్ళని శుభ్రం చేస్తుంది. పెరిగిన నాచుని నత్తల జాతికి చెందిన అబలోన్లకి మేతగా వేస్తారు. ఒక్క మేత ఖర్చుతో చేప, నాచు, నత్త... మూడు పంటలు!

అయితే తొట్టి అనేసరికి కొన్ని జాగ్రత్తలున్నాయి. నాచు ఎండ ఉన్నంతసేపే చురుగ్గా పనిచేస్తుంది. పగలు నీళ్ళకి ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రయ్యేసరికి అదే చేపలతో పోటీపడి పీల్చుకుంటుంది. అందుకని రాత్రంతా గాలి బుడగలు కొట్టే యంత్రం ఆగకూడదు. ఆ బుడగల వల్లే నాచు కిందామీదా దొర్లుతూ, ప్రతి రెమ్మకీ ఎండ తగులుతుంది. ఎప్పటికప్పుడు కోసి పలచన చెయ్యాలి. ఎక్కువైన నాచు అడుగున కుళ్ళిందంటే తాగిన అమ్మోనియా అంతా మళ్ళీ నీళ్ళలోకి కక్కేస్తుంది. ఇక చేపల్లో నాచు తినేవి కూడా ఉన్నాయి. అలాంటివాటిని ఒకే తొట్టిలో వేస్తే పంట కాదు, పచ్చడే! అందుకే మధ్యలో వల కట్టడమో, పక్క తొట్టిలో పెంచడమో చేస్తారు. నీళ్ళలో కరిగినదాన్నే నాచు తీసుకోగలదు. మిగిలిన మేత ముక్కలూ, చేపల మలమూ అడుగున తేర్చి తీసెయ్యాల్సిందే.

అంతా లాభమేనా?

వచ్చిన మంచితోపాటు చెడు కూడా చెప్పుకోవాలి. కప్పాఫైకస్ మన సముద్రంలో పుట్టిన మొక్క కాదన్నాం కదా. దక్షిణం వైపున్న కురుసడై దీవి దగ్గర ఈ నాచు పగడాల మీదికి పాకి, వాటిని కప్పేస్తోందని 2008లో పరిశోధకులు బయటపెట్టారు. ఊపిరాడని పగడం చచ్చిపోతుంది. పగడం పోతే దాన్ని ఆశ్రయించుకున్న చేపలూ పోతాయి. తెప్పలు ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు అన్నది అందుకే అంత ముఖ్యం. ఇంటిముందు మల్లెతీగ అందమే కానీ, పక్కింటి గోడని పడగొట్టేదాకా వదలకూడదు కదా!

పంజరంలో చేపలకి వేసే చవకరకం చిన్న చేపల్ని కూడా సముద్రంలోంచే పట్టాలి. అది ఇంకో బెంగ. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. అప్పుడు పాక్ అఖాతం కూడా పొంగుతుంది, తెప్పలు నిలవవు. ఆ నెలలకి చేతిలో కాస్త దాచుకోవాల్సిందే. తాడు నిండా నాచున్నా సముద్రం వేడెక్కితే 2013 మళ్ళీ రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. చేపల ఎరువు నాచుని బాగా పెంచుతుంది కానీ, ఎండని ఆపలేదు.

ఇన్ని ఉన్నా, ప్రభుత్వం ఈ సాగుకి ఊతం ఇస్తూనే ఉంది. ఇదే జిల్లాలోని వలమావూర్‌లో నాచు పార్కుకి 2023లో శంకుస్థాపన జరిగింది.

మన తీరంలో కుదురుతుందా?

మనకీ ఇంత పొడవు తీరం ఉంది కదా, మన ఆడవాళ్ళు ఎందుకు చెయ్యకూడదు అనిపించడం సహజం. సముద్రంలో పంజరం వేసి చేపలు పెంచడం మన దేశంలో మొదలైంది మన విశాఖపట్నం దగ్గరే! 2007లో అక్కడ పండుగప్పల్ని పెంచి చూశారు. కానీ మండపానికీ మనకీ తేడా ఉంది. పాక్ అఖాతం నీళ్ళు నిలకడ, మన తీరంలో కెరటాల ఉరవడి ఎక్కువ. గోదావరి, కృష్ణ వరదలొచ్చినప్పుడు తీరంలో ఉప్పదనం తగ్గిపోతుంది. ఈ నాచుకి ఉప్పు తగ్గితే పడదు. భీమవరం, కైకలూరు వైపు మంచినీటి చెరువుల్లో అసలే బతకదు.

ఉప్పునీటి రొయ్యల చెరువుల సంగతి వేరు. ఆ చెరువుల నీళ్ళు కాలవల్లోకి, పొలాల్లోకి వదిలారని ఎన్ని గొడవలయ్యాయో, 1996లో సుప్రీంకోర్టు ఎంత గట్టిగా తీర్పు చెప్పిందో మనకి గుర్తే. అలాంటి నీళ్ళని బయటికి వదిలేముందు, ఉప్పు చెరువుల్లో బతికే గ్రాసిలేరియా లాంటి నాచున్న చెరువులోంచి పారిస్తే? అంటే మన అరటిచెట్టు పద్ధతే! ఆలోచించదగ్గ మాట.

వంటింట్లోకి ఓ పళ్ళెం

ఇంత నాచు కథ విన్నాక నోరు తీపి చేసుకోకపోతే ఎలా? చైనా గ్రాస్ 10 గ్రాములు చిన్న ముక్కలుగా కత్తిరించి, గ్లాసు నీళ్ళలో ఇరవై నిమిషాలు నాననివ్వండి. ఆ నీళ్ళతోనే సన్నని సెగ మీద పూర్తిగా కరిగేదాకా కలుపుతూ ఉండండి. ఇంకో పొయ్యి మీద అరలీటరు పాలు, ఆరు చెంచాల పంచదార వేసి మరిగించండి. రెండూ వేడిగా ఉన్నప్పుడే వడకట్టి కలపాలి. ఒకటి చల్లారితే ఉండలు కడుతుంది. ఏలకుల పొడి వేసి పళ్ళెంలో పోసి కదపకుండా వదిలేస్తే, ఫ్రిజ్ లేకపోయినా గడ్డకడుతుంది. చాకుతో ముక్కలు కోసి పెట్టండి. జంతువుల ఎముకల నుంచి తీసే జెలటిన్ కాదు కాబట్టి శాకాహారులు కూడా నిశ్చింతగా తినొచ్చు.

వెళ్ళేవాళ్ళకి

మదురై నుంచి, చెన్నై నుంచి రామేశ్వరం వెళ్ళే దారిలోనే మండపం వస్తుంది. 1914 నాటి పాత పాంబన్ రైలు వంతెన బదులు 2025 ఏప్రిల్లో కొత్త వంతెన మొదలైంది. పక్కనే 1988 నాటి రోడ్డు వంతెన కూడా ఉంది. నాచు తెప్పలు చూడాలంటే వానలు వెనకబట్టాక, జనవరి తర్వాత వెళ్ళండి. పొద్దున్నే ఒడ్డుకి చేరుకుంటే తాళ్ళు కట్టే పని కనబడుతుంది. ఫొటో తీసేముందు ఒక్కమాట అడగండి. పరిశోధన కేంద్రంలోకి వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. నీళ్ళలోకి దిగి నాచు తుంచి తెచ్చే ప్రయత్నం మాత్రం చెయ్యకండి. దీవుల వైపు అది నేరం కూడా.

కాశీ నుంచి గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించడం, ఇక్కడి ఇసక తీసుకెళ్ళి గంగలో కలపడం మన పెద్దవాళ్ళ ఆచారం. ఒకచోట తీసుకున్నది ఇంకోచోట తిరిగి ఇవ్వాలన్న మాట అందులో ఉంది. మునైకాడులో చేపకీ నాచుకీ మధ్య జరిగేదీ అదే కదా! ఈసారి రామనాథుడి దర్శనానికి వెళ్ళినప్పుడు ఒక్కపూట మండపంలో ఆగండి. పూలమాలలా నాచు కట్టే ఆ చేతుల్ని చూసి రండి.